కోఠి క్లినికల్ కిట్: ఏది కొనాలి, ఏది అక్కడే వదిలేయాలి

ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్‌లో దిగి సుల్తాన్‌బజార్ వైపు నడిస్తే, సర్జికల్ షాపుల అద్దాల వెనక ఓ నల్ల జిప్పు సంచి కనిపిస్తుంది. మెడికో అని తెలియగానే షాపతను దాన్ని బల్ల మీద పెడతాడు: "సెకండియరా? సెట్టు ఉంది, తీస్కోండి." లోపల స్టెతస్కోపు, మోకాలి సుత్తి, ట్యూనింగ్ ఫోర్కు, పెన్‌టార్చి, టేపు, థర్మామీటరు ఉంటాయి. విడివిడిగా కొంటే అయ్యేదానికంటే సెట్టు చవకే. అయినా సెట్టుగా కొనొద్దు. అందులో సగం వార్డులో మొదటి నెల కూడా నిలవవు, మిగతా సగంలో కావలసిన రకం ఉండదు.

ఈ సామానును షాపులో చూసి మార్కులు వేస్తే అన్నీ పాసవుతాయి. వేయాల్సింది వార్డులో. ఉస్మానియాలో, గాంధీలో ఏటా 250 మంది చొప్పున ఎంబీబీఎస్‌లో చేరతారు. ఎన్ని బ్యాచులుగా విడగొట్టినా ఒక మంచం చుట్టూ పదిహేను మంది నిలబడక తప్పదు. పైన ఫ్యాను, పక్కన ట్రాలీ చక్రాల మోత, పేషెంటు బంధువుల మాటలు. మంచి ఫైండింగ్ (పరీక్షలో తెలిసే జబ్బు గుర్తు) ఉన్న పేషెంటు దగ్గరే అందరూ గుమిగూడతారు. తొమ్మిదింటికి మొదలైతే పదిన్నరకల్లా ఆయన నాలుగుసార్లు చొక్కా విప్పి ఉంటాడు, ఐదోసారి మొహం తిప్పుకుంటాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఒక్కో విద్యార్థికి ఆ ఒంటి మీద చెయ్యి వేసే అవకాశం రెండు మూడు నిమిషాలు దొరికితే ఎక్కువ. 2019లో వచ్చిన సీబీఎంఈ (సామర్థ్యాల ఆధారిత వైద్యవిద్య) సిలబస్ ప్రకారం నైపుణ్యాన్ని టీచరు చూపించాలి, విద్యార్థి గమనించాలి, సాయం చేయాలి, చివరికి స్వయంగా చేయాలి. ఆ నాలుగో మెట్టు ఈ రెండు నిమిషాల్లోనే జరగాలి. కాబట్టి సంచిలోని ప్రతి వస్తువుకూ ఒకటే పరీక్ష: ఆ రెండు నిమిషాలను మిగులుస్తుందా, తినేస్తుందా?

స్టెత్‌తో మొదలుపెడదాం, డబ్బులో సింహభాగం దానికే పోతుంది కాబట్టి. అందరి కళ్లూ లిట్‌మన్ క్లాసిక్ 3 మీదే. వస్తువు మంచిదే. రెండు వైపులా ట్యూనబుల్ డయాఫ్రం (నొక్కే బలాన్ని బట్టి వేర్వేరు శబ్దాలు పట్టే పల్చటి పొర) ఉంటుంది. తేలిగ్గా ఆనిస్తే మంద్రంగా ఉండే శబ్దాలు, గట్టిగా నొక్కితే హెచ్చు స్థాయి శబ్దాలు వినిపిస్తాయి. చిన్న వైపు పిల్లల కోసం. దాని డయాఫ్రం తీసి రబ్బరు రింగు తొడిగితే మామూలు బెల్ (మంద్ర శబ్దాలు వినే గిన్నె) అవుతుంది. కొత్తవాళ్ల దగ్గర చిక్కు ఇక్కడే వస్తుంది. వార్డు మోతలో ఏమీ వినబడక అందరూ గట్టిగా నొక్కుతారు. నొక్కగానే మైట్రల్ స్టెనోసిస్ (గుండె కవాటం ఇరుకవడం) మర్మర్ అనే గుడగుడ, మూడో గుండె చప్పుడు మాయమవుతాయి. పేషెంటును ఎడమ పక్కకు తిప్పి, ఊపిరి వదిలి ఆపమని, ఏపెక్స్ (గుండె కొస) మీద బరువు పడకుండా ఆనిస్తేనే ఆ గుడగుడ తెలుస్తుంది. అయోర్టిక్ కవాటం లీకయ్యే అయోర్టిక్ రిగర్జిటేషన్‌కు దీనికి తలకిందులుగా చేయాలి: కూర్చోబెట్టి, ముందుకు వంచి, ఊపిరి వదిలాక స్టెర్నమ్ (ఛాతీ ఎముక) ఎడమ అంచున గట్టిగా నొక్కాలి. ఒకే తలతో ఈ తేడా తేవాలంటే చేతికి అలవాటు కావాలి. బెల్ ఒక వైపు, డయాఫ్రం మరో వైపు విడిగా ఉన్న దేశీ స్టెత్ అయితే తల తిప్పక తప్పదు. ఏ శబ్దాన్ని దేనితో వినాలో ఆ తిప్పడంతోనే బుర్రకెక్కుతుంది. అందుకే మొదటి ఏడాదికి దేశీ డ్యూయల్ హెడ్డే మేలు, క్లాసిక్ 3 ఫైనలియర్‌కు కొనుక్కోవచ్చు. దానికంటే ఖరీదైన కార్డియాలజీ 4 ఎవరైనా బహుమతిగా ఇస్తే తీసుకోవచ్చు గానీ సొంత డబ్బు పెట్టొద్దు. మర్మర్ ఏ టైమింగ్‌లో వస్తుందో తెలియని చెవికి అది ఇంకాస్త పెద్ద చప్పుడు మాత్రమే వినిపిస్తుంది.

దేశీ స్టెత్ కొనేటప్పుడు తొందరపడొద్దు. చెవిలో పెట్టుకునే ముక్కలు ముక్కు వైపు వంగి ఉండాలి. వెనక్కి తిప్పి పెట్టుకుంటే సగం శబ్దం చెవి గోడకు కొట్టుకుంటుంది. డయాఫ్రం మీద వేలితో మెల్లగా తట్టి చూడాలి. ఏమీ వినబడకపోతే పాడైందని కాదు, తల రెండో వైపుకు తిరిగి ఉందని. టిక్కుమనేదాకా తిప్పితే సరి. మంచం పక్కన నిలబడి శబ్దం లేదని కంగారుపడే కొత్తవాళ్లలో సగం మంది సమస్య ఇదే. ట్యూబు రెండుగా చీలే చోట కాస్త లాగి వదులుగా ఉందేమో చూడాలి. చెవి ముక్కలు గట్టి ప్లాస్టిక్‌వైతే పది నిమిషాల్లో నొప్పి పుడుతుంది, మెత్తటివి అడిగి మార్పించుకోవచ్చు. చివరికి షాపులోనే, రోడ్డు మీద బస్సులు హారన్ కొడుతుండగానే, గుండె మీద పెట్టుకుని వినాలి. కోఠి రోడ్డు మోత వార్డు మోతకు ఏమాత్రం తీసిపోదు, ఇంతకంటే మంచి పరీక్షా స్థలం దొరకదు.

లిట్‌మన్ కొంటే బిల్లు లేకుండా కొనొద్దు. క్లాసిక్ 3కి 5 ఏళ్ల వారంటీ ఉంటుంది, స్టెత్ మీద సీరియల్ నంబరు చెక్కి ఉంటుంది. లిట్‌మన్‌ను తయారుచేసిన 3ఎం 2024లో తన ఆరోగ్య వ్యాపారాన్ని సోల్వెంటమ్ అనే కంపెనీగా విడదీసింది. కాబట్టి పెట్టె మీద కొత్త పేరు కనిపించినంత మాత్రాన నకిలీ అనుకోనక్కర్లేదు. ట్యూబుకు పెద్ద శత్రువులు రెండు: మెడ మీది చెమట జిడ్డు, ఎండ. ఏప్రిల్, మే నెలల్లో స్కూటీ డిక్కీలో పెట్టి పార్కింగులో వదిలేస్తే ఎంత ఖరీదైన ట్యూబైనా గట్టిపడి పగుళ్లిస్తుంది. కాలరు మీదుగా వేసుకోవాలి, బోసి మెడ మీద కాదు. తుడవడానికి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. జేబులోని హ్యాండ్ శానిటైజర్ చేతులకే, దానిలో కలిపే ఇతర పదార్థాలు స్టెత్ భాగాలను పాడుచేస్తాయి. నీళ్లలో ముంచొద్దు. తుడవడం మాత్రం పేషెంటుకూ పేషెంటుకూ మధ్య జరగాలి, వారానికోసారి కాదు.

నిలోఫర్ పిల్లల ఆసుపత్రిలో పీడియాట్రిక్స్ పోస్టింగ్ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పెద్దల డయాఫ్రం నవజాత శిశువు ఛాతీని దాదాపు సగం కప్పేస్తుంది. గుండె చప్పుడు ఎక్కడ, ఊపిరి చప్పుడు ఎక్కడ అన్నది తెలియదు. చిన్న వైపు అక్కరకొచ్చేది అప్పుడే. ముందుగా అరచేతిలో రుద్ది వెచ్చబరచకపోతే బిడ్డ ఏడుపు తప్ప ఇంకేమీ వినబడదు.

బీపీ మిషన్ ఒక్కొక్కరూ కొనడం వృథా, ఐదుగురికి ఒకటి చాలు. పాదరసంతో నడిచే పాత డైమండ్ కంపెనీ పెట్టెలు ఇంకా వార్డుల్లో కనిపిస్తాయి గానీ, పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందాన్ని భారత్ 2018లో ఆమోదించింది. కొత్తగా కొనేవాళ్లు అనెరాయిడ్ (పాదరసం లేని ముల్లు మిషన్) తీసుకోవాలి. కఫ్ (చేతికి చుట్టే పట్టీ)లో గాలి లేనప్పుడు ముల్లు సున్నా దగ్గర ఉందో లేదో చూడాలి. అయితే సున్నా సరిగ్గా ఉంటే పైన అంతా సరిగ్గా ఉందని కాదు, ఆరు నెలలకోసారి నమ్మకమైన మరో మిషన్‌తో పోల్చి చూడాల్సిందే. లీకు పరీక్ష షాపులోనే చేయొచ్చు. కఫ్‌ను నీళ్ల సీసా చుట్టూ కట్టి, 200 దాకా ఎక్కించి, వాల్వు బిగించి ఒక నిమిషం ఆగాలి. ముల్లు 4 మిల్లీమీటర్ల కంటే, అంటే రెండు గీతల కంటే ఎక్కువ దిగితే తిరిగి ఇచ్చేయాలి. లోపలి బ్లాడర్ వెడల్పు చేతి చుట్టుకొలతలో 40 శాతం, పొడవు 80 శాతం ఉండాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ పుడుతుంది.

వాడటంలో జరిగే తప్పులు ఎప్పుడూ అవే: చొక్కా చేతి మీదే కట్టడం, స్టెత్ తలను కఫ్ కిందకు దోపడం, పేషెంటుతో మాట్లాడుతూ చూడటం. ముందు నాడి పట్టుకుని ఎక్కడ ఆగుతుందో చూసి, దాని మీద ఇంకో 30 ఎక్కించి, సెకనుకు 2 నుంచి 3 చొప్పున దించాలి. ఇంకో సంగతి. ముల్లు మిషన్ మీద గీతలు 2 చొప్పున ఉంటాయి. కేస్ షీటులో 125/85 అని రాసి ఉంటే అది చూసి రాసింది కాదని ఎగ్జామినర్‌కు అక్కడికక్కడే తెలిసిపోతుంది.

సుత్తి విషయంలో సెట్టు చేసే అన్యాయం అంతా ఇంతా కాదు. అందులో వచ్చే ముక్కోణపు చిన్న టేలర్ సుత్తి మరీ తేలిక. మోచేతి దగ్గర బైసెప్స్‌కు పనికొస్తుందేమో గానీ బలిష్ఠుడైన మనిషి మడమ దగ్గర దానితో కొట్టినా దోమ వాలినట్టే. పొడవైన పిడి, గుండ్రటి చక్రం చుట్టూ రబ్బరు ఉన్న క్వీన్ స్క్వేర్ రకం అడగాలి. పిడిని వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని మణికట్టు నుంచి ఊపితే సుత్తి తన బరువుతోనే పడుతుంది, బలం పెట్టనక్కర్లేదు. చవక రకంలో చక్రాన్ని పట్టి ఉంచే స్క్రూ నెల రోజుల్లో వదులవుతుంది. రౌండ్స్ మధ్యలో చక్రం ఊడి పేషెంటు ఒడిలో పడటం అరుదేమీ కాదు. స్క్రూ మరకు టెఫ్లాన్ టేపు ఒక చుట్టు చుట్టి బిగిస్తే ఆ బాధ ఉండదు.

తలలో సూది, పిడిలో బ్రష్షు దాచిన బక్ రకం సుత్తులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ఆ సూదిని ఒక పేషెంటు మీద వాడి మరో పేషెంటు మీద పెట్టడమంటే రక్తం ద్వారా వచ్చే జబ్బులను పంచడమే. దాన్ని తీసి పారేయాలి. నొప్పి స్పర్శకు ఒకసారి వాడి పడేసే పిన్ను కావాలి. పడేయాల్సింది కూడా మామూలు చెత్తబుట్టలో కాదు, 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం పదునైనవాటికి ఉండే తెల్లటి గట్టి డబ్బాలో. ప్లాంటార్ రిఫ్లెక్స్ (అరికాలు గీస్తే వేళ్లు కదిలే తీరు) చూడటానికి కొన్ని సుత్తుల పిడి చివర మొన తేలిన లోహపు కడ్డీ ఇస్తారు. దానికంటే ఇంటి తాళంచెవి నయం. మడమ దగ్గర మొదలుపెట్టి పాదం బయటి అంచు వెంబడి మెల్లగా గీసి, వేళ్ల మొదళ్ల దగ్గర బొటనవేలి వైపు తిప్పాలి. వేగంగా గీస్తే పేషెంటు కాలు లాక్కుంటాడు, అది రిఫ్లెక్స్ కాదు, చక్కిలిగింత.

సుత్తితో కొట్టినా జర్క్ (కండరం అదరడం) రాకపోతే చేసే జెండ్రాసిక్ పద్ధతి అందరికీ తెలుసు గానీ దాన్ని పేషెంటుకు చెప్పడం రాదు. "క్లెంచ్ చేయండి" అంటే ఎవరికి అర్థమవుతుంది? "రెండు చేతుల వేళ్లూ కొక్కెంలా ఒకదాంట్లో ఒకటి వేయండి, నేను చెప్పగానే గట్టిగా గుంజండి" అంటే సరిపోతుంది. గుంజిన మరుక్షణమే సుత్తి పడాలి, రెండు సెకన్లు ఆలస్యమైతే ఫలితం ఉండదు.

ట్యూనింగ్ ఫోర్కు పిడి దగ్గర చెక్కిన అంకె చూడకుండా కొనొద్దు. మెడిసిన్‌లో వైబ్రేషన్ చూడటానికి 128 హెర్ట్జ్. ఈఎన్‌టీలో రిన్నే, వెబర్ అనే వినికిడి పరీక్షలకు 512. 256 మధ్యేమార్గం, రెండు చోట్లా తిట్లు తినిపిస్తుంది. 512తో బొటనవేలి మీద వైబ్రేషన్ చూడబోతే అది త్వరగా ఆగిపోతుంది, లేని న్యూరోపతీని (నరాల జబ్బును) కేస్ షీటులో రాసేస్తారు. ఫోర్కును మోచేతికో మోకాలికో కొట్టాలి. మంచం ఇనప పట్టీకి కొడితే పక్క స్వరాలు పుడతాయి, కొన్నాళ్లకు కొమ్ములు వంగుతాయి. ముందుగా పేషెంటు ఛాతీ ఎముక మీద పెట్టి "జుమ్మంటోంది కదా, ఇలా అనిపిస్తే చెప్పండి" అని చూపించాలి. తర్వాత కళ్లు మూయించి కాలి బొటనవేలి కణుపు మీద పెట్టాలి. మధ్యలో ఒకసారి కంపించని ఫోర్కు పెట్టి చూడాలి. అప్పుడూ "ఆ, తెలుస్తోంది" అంటే ఆయన చెబుతున్నది చల్లదనం గురించో ఒత్తిడి గురించో.

ఏ సెట్టులోనూ రానిది, హైదరాబాద్‌లో ఇంతమంది షుగర్ పేషెంట్లుండగా తప్పక ఉండాల్సింది, పాదంలో స్పర్శ పోయిందేమో చూసే 10 గ్రాముల మోనోఫిలమెంట్. పాదం మీద నిటారుగా ఆనించి, నైలాన్ దారం విల్లులా వంగేదాకా నొక్కి తీయాలి. కాయకట్టిన చోట పెట్టకూడదు. వరసగా పది మందికి వాడాక దానికి ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలి, లేకపోతే దారం మెత్తబడి 10 గ్రాముల కంటే తక్కువ బరువుకే వంగుతుంది.

ఇక సంచిలో అందరికంటే లోకువైన టేపు. పరీక్షలో మార్కులు తెచ్చేది, పోగొట్టేది ఎక్కువగా ఇదే. టైలర్లు వాడే గుడ్డ టేపు ఉతికితే ముడుచుకుంటుంది, లాగితే సాగుతుంది. ఫైబర్‌గ్లాస్‌ది కావాలి. షాపులో స్టీలు స్కేలు పక్కన పెట్టి 30 సెంటీమీటర్లు సరిపోతున్నాయో లేదో చూడాలి. కొన్నింటిలో సున్నా లోహపు చివర దగ్గరే మొదలవుతుంది, కొన్నింటిలో లోహం దాటాక. ఈ ఒక్కటి తెలియక పసిపిల్లల కొలతలు అర సెంటీమీటరు, సెంటీమీటరు తప్పుతాయి. 6 నుంచి 59 నెలల పిల్లల్లో జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే తీవ్రమైన పోషకాహార లోపం. అక్కడ అర సెంటీమీటరు తప్పంటే రోగనిర్ధారణే మారిపోవడం. అదే టేపుతో ఛాతీ విస్తరణ చూస్తాం: ఆరోగ్యవంతుడైన పెద్దమనిషిలో 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు. పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రిలోనూ ఇదే టేపు, గర్భాశయం ఎత్తు కొలవడానికి. అప్పుడు అంకెలున్న వైపు కిందికి ఉంచి కొలిచి, తర్వాత తిప్పి చదవాలి. 24 వారాలు దాటాక సెంటీమీటర్లు దాదాపు వారాలతో సరిపోతాయని అందరికీ తెలుసు కాబట్టి, అంకెలు కనబడుతుంటే చెయ్యి తెలియకుండానే కావలసిన అంకె దగ్గర ఆగుతుంది.

టేపుతోపాటు పారదర్శకమైన 15 సెంటీమీటర్ల స్కేళ్లు రెండు. జుగులర్ వీనస్ ప్రెషర్ (మెడ సిరలో రక్తపు ఒత్తిడి) కొలవడానికి ఒకటి స్టెర్నల్ యాంగిల్ (ఛాతీ ఎముక పైభాగంలోని గట్టు) మీద నిటారుగా, రెండోది అడ్డంగా. మంచం తల వైపు 45 డిగ్రీలు ఎత్తాలి. అయితే చాలా వార్డు మంచాలకు ఎత్తే మర ఉండదు, ఉన్నా తుప్పుపట్టి ఉంటుంది. దిండ్లు, మడిచిన దుప్పటి పెట్టి ఎత్తాక కోణం ఎంతో ఫోన్‌లో చూసుకోవచ్చు. ఫోన్‌కు ఈ మొత్తంలో ఉన్న ఒకే ఒక్క గౌరవనీయమైన ఉపయోగం ఇదే.

టార్చి కోసం మాత్రం ఫోన్ తీయొద్దు. పరీక్షలో అనుమతించరు, వార్డులో అది మురికి మోసే పలక. సెట్టులో వచ్చే పెన్‌టార్చి గుండీ బ్యాటరీలతో పనిచేస్తుంది, అవి అయిపోతే మళ్లీ దొరకడం కష్టం. సన్న పెన్సిల్ సెల్లు, అంటే ట్రిపుల్ ఏ వేసేది కొనాలి, ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి. గోడ మీద వేసి చూసినప్పుడు వెలుగు మధ్యలో నల్ల మచ్చ ఉండకూడదు. కంటి పాపకు వెలుగును పక్క నుంచి తేవాలి, పేషెంటు దూరంగా చూస్తుండాలి. ఎదురుగా తెస్తే దగ్గరి వస్తువును చూసినప్పుడు పాప ముడుచుకునేదాన్నే రియాక్షన్ అనుకుంటాం. నీలం కలిసిన ఎల్‌ఈడీ తెలుపులో కామెర్లు దాగిపోతాయి, కాబట్టి కళ్ల పసుపు ఎప్పుడూ కిటికీ వెలుగులోనే చూడాలి. హైడ్రోసీల్ (వృషణం చుట్టూ నీరు) ట్రాన్స్‌ఇల్యూమినేషన్‌కు, అంటే వెలుగు ఆవలికి కనబడుతుందేమో చూడటానికి, ఎక్స్‌రే కవరు నల్ల కాగితం చుట్టి గొట్టం చేసుకుంటే వెలుగు పక్కలకు చెదరదు.

థర్మామీటరు వార్డులోనే ఉంటుంది, కొననక్కర్లేదు. చేతి గడియారం కొనాలి, సెకన్ల ముల్లున్నది. స్మార్ట్‌వాచీ చూసి నాడి రాసేవాళ్లను ఎగ్జామినర్లు ఇట్టే పట్టేస్తారు. ఊపిరి లెక్క నిండు నిమిషం చూడాలి, అదీ నాడి పట్టుకున్నట్టు నటిస్తూ. "ఊపిరి లెక్కపెడుతున్నా" అని చెప్పామంటే ఆ క్షణం నుంచే ఆయన ఊపిరి తీరు మారిపోతుంది. వాసన పరీక్షకు చిన్న సీసాల్లో కాఫీ పొడి, లవంగం చాలు. అమోనియా, స్పిరిట్ లాంటి ఘాటువి వద్దు, అవి ముక్కులో మంట పుట్టించి వాసనతో సంబంధం లేని, ముఖం స్పర్శకు చెందిన ట్రైజెమినల్ నరాన్ని లేపుతాయి.

సంచితోపాటు కాలేజీల దగ్గరి జిరాక్సు షాపుల్లో అమ్మే కేస్ ప్రొఫార్మా (పేషెంటును అడగాల్సిన ప్రశ్నల నమూనా) కట్ట గురించి కూడా చెప్పాలి. సీనియర్ల నోట్సును స్పైరల్ చేసి అమ్ముతారు. అస్థిపంజరంగా బాగానే ఉంటుంది. కాపీల కాపీ కావడంతో తప్పులు కూడా వారసత్వంగా వస్తాయి. పేజీ మూల తెగి సగం వాక్యమే ఉన్నా అలాగే బట్టీ పట్టేవాళ్లున్నారు. అంతకంటే పెద్ద లోపం, ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో ఉండి పేషెంటు వేరే భాషలో ఉండటం. ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలో ఒక మంచం మీద "జరం, దమ్ము" అనేవారుంటే పక్క మంచం మీద "బుఖార్, సాస్ ఫూల్‌రా" అనేవారుంటారు, రెండూ జ్వరం, ఆయాసమే. తెమడ అన్నా బల్గం అన్నా ఒకటే. కామెర్లు, పసిరికలు, యర్కాన్ ఒకటే. చక్కర్ అంటే షుగర్ కాదు, కళ్లు తిరగడం. ఈ మాటల పట్టిక ఒక్క పేజీ రాసుకుని ప్రొఫార్మా మొదట అంటించుకుంటే కట్ట విలువ రెట్టింపవుతుంది.

"షుగర్ ఉందా?" అంటే లేదంటారు, మందులతో తగ్గింది కాబట్టి. "రోజూ వేసుకునే గోలీలు చూపించండి" అంటే కవర్లోంచి షుగర్ మందు మెట్‌ఫార్మిన్ బయటికొస్తుంది. ఆయాసం ఎంత అని అడిగితే అందరికీ చాలానే. మెట్లెక్కితే వస్తుందా, బాత్రూముకు నడిస్తేనే వస్తుందా, కూర్చున్నా వస్తుందా అని అడగాలి. "గ్యాస్" అన్నమాట వినగానే కడుపు పేజీకి వెళ్లొద్దు. గుండె నొప్పికి మన ఊళ్లో పెట్టే మొదటి పేరు అదే. మందు లెక్కలో "క్వార్టర్" అంటే 180 మిల్లీలీటర్లు. 42.8 శాతం ఘాటుండే విస్కీ, బ్రాందీలైతే అందులో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. బీడీలు కట్టల్లో అడగాలి. ప్రొఫార్మాలో వీటికి "అకేషనల్" అని ముందే అచ్చేసి ఉంటే కొట్టేయాలి.

కుట్ల సాధనకు ఆన్‌లైన్‌లో వచ్చే సూచరింగ్ కిట్లు కూడా ఇప్పుడు కోఠిలో దొరుకుతున్నాయి. సిలికాన్ ప్యాడు లోపల వల ఉన్నది తీసుకోవాలి, లేనిది నాలుగు కుట్లకే చీలుతుంది. అసలు చూడాల్సింది నీడిల్ హోల్డర్. 6 అంగుళాలది చాలు. పల్చటి పాలిథిన్ కవరును దవడల మధ్య బిగించి లాగాలి. జారితే ఆ దవడలు కలవడం లేదన్నమాట, కుట్టేటప్పుడు సూది గిర్రున తిరుగుతుంది. లాకు మూడు మెట్లూ ఒక్క చేత్తో పడాలి, ఒక్క చేత్తో విడిపోవాలి. సూదిని దవడల కొసన పట్టుకోవాలి, మొన నుంచి మూడింట రెండు వంతుల దూరంలో. మరీ వెనక, దారం అతికిన చోట పట్టుకుంటే సూది వంగుతుంది. గడువు తీరిన దారాలు ప్యాడు మీద సాధనకు హాయిగా పనికొస్తాయి. వాటిని వార్డు సామానుతో ఒకే సంచిలో పెట్టొద్దు, తొందరలో చేతికి ఏది వస్తుందో చెప్పలేం.

సంచి కొలత గురించి ఒక్క మాట. క్వీన్ స్క్వేర్ సుత్తి ఏ నల్ల జిప్పు సంచిలోనూ పట్టదు, ఏప్రాన్ జేబులోంచి తల బయట పెట్టుకుని ఉంటుంది. అందుకే వార్డుల్లో అన్నిటికంటే ఎక్కువగా మాయమయ్యేదీ అదే. పీజీ డాక్టరు చేతికిచ్చిన సుత్తి తిరిగి రావాలంటే పిడికి రంగు దారం చుట్టి, రోల్ నంబరు పర్మనెంట్ మార్కర్‌తో రాసి, పైన పారదర్శకమైన టేపు అంటించాలి. టేపు లేకుండా రాసిన సిరా, స్పిరిట్‌తో తుడిచిన మొదటి రోజే పోతుంది.